రెండు షిఫ్టుల పరుపు

సాంచెలు ఆగాయని అందరూ ఏడ్చారు. నేను భయపడ్డాను. ఆ మరమగ్గాల మోతలో పక్కవాడు అరిచినా వినపడదు, ఇక నేను గోక్కుంటే ఎవడికి వినపడుతుంది? అలా నాలుగేళ్లు దాచాను. కరోనా వచ్చి సూరత్ మొత్తం మూతపడ్డాక, బమ్రోలిలోని మా గదిలో గోటి చప్పుడు కూడా వినిపించడం మొదలైంది.

రాజలింగమన్నకూ నాకూ ఒకటే పరుపు. ఆయనది పగలు షిఫ్టు, నాది రాత్రి. ఆయన పనికి పోయాక నేను పడుకుంటాను, నేను పోయాక ఆయన. లేవగానే దుప్పటి దులిపి, నా ఒంటి నుంచి రాలిన తెల్లపొట్టు అంతా ఊడ్చి మరీ వెళ్లేవాణ్ణి. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను. ఇప్పుడు రోజంతా ముగ్గురం గదిలోనే. మూడోవాడు చిరంజీవి. వాడికి రోగమంటే ఎంత భయమంటే, చేతులు కడిగి కడిగి మాకు సబ్బు ముక్క మిగల్చడు.

డాక్టరు దీన్ని సొరియాసిస్ అన్నాడు, ఎవరికీ అంటుకోదన్నాడు. ఆ మాట నేను చెబితే ఎవడు నమ్ముతాడు? చూసినవాడు గజ్జి అనే అంటాడు. పూతమందు ఏప్రిల్ మొదట్లోనే అయిపోయింది.

ఆ మధ్యాహ్నం రేకుల కింద ఒళ్లంతా చెమట. వీపు మొదలుపెట్టింది. దోమ కుట్టిన దురద కాదిది, చర్మం లోపల కారం రుద్దినట్టుంటుంది. తొడ గిల్లుకున్నాను. పళ్లు బిగించాను. వంద దాకా లెక్కపెడదామనుకుంటే ముప్పై రెండు దగ్గరే పాడు చెయ్యి వీపు మీదికి పోయింది.

"ఏందే సోమన్నా గా గోకుడు? నాలుగొద్దుల సంది ఇంటున్న," అన్నాడు చిరంజీవి.

"చెమటకాయలు రా."

"అంగీ ఇప్పు జర."

నేను కదల్లేదు. వాడే లేచి వెనక నుంచి అంగీ పైకి లాగాడు. ఎర్రటి మచ్చలూ, పొట్టూ, నెత్తురూ చూసి తలుపు దాకా వెనక్కి పోయాడు.

"ఓర్నాయనో! గీ రోగం వెట్టుకొని మాతోనే తింటున్నవా? మున్సిపాలిటోళ్లు గల్లీలకొచ్చిన్రు. పోయి చెప్త, తీస్కపోతరు. లేదంటే నువ్వే ఎల్లిపో!"

ఎక్కడికి పోవాలి? బయట పోలీసులు. రైళ్లు లేవు. ఊరేమో ఎక్కడో ఉంది. "అంటుకోదురా, డాక్టర్ చెప్పిండు," అన్నాను. నా గొంతు నాకే దొంగవాడి గొంతులా వినిపించింది. వాడి చెయ్యి అప్పటికే గడియ మీద ఉంది.

రాజలింగమన్న బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. నా పరుపు మీద పడుకునే మనిషి. ఆయన ఊఁ అంటే చాలు, నా బతుకు రోడ్డు మీదే. ఆయన చాట పక్కన పెట్టి లేచాడు. తన అంగీ విప్పి చిరంజీవి వైపు వీపు తిప్పాడు.

"సూడు. ఒక్క మచ్చన్న ఉన్నదా?"

"లేదు."

"నాలుగేండ్ల సంది ఈడు లేసిన జాగలనే పంటున్న. ఈడు దులిపి పోతడు. పొద్దుమీకి నేను మల్ల దులుపుత, ఇంక రాల్తది. అంటేదైతే ముందుగాల నాకే అంటాలె."

నాకు సిగ్గూ ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "తెల్సుండి ఎందుకడగలేదే?" అన్నాను.

"నువ్వు గంత కష్టపడి దాస్తుంటివి. ఏమని అడుగుదు?"

చిరంజీవి గడియ వదిలాడు. తప్పైందని మాత్రం అనలేదు. తన కంచం తీసి అవతలి గూట్లో పెట్టుకున్నాడు. పెట్టుకోనీ.

రాజలింగమన్న కొబ్బరినూనె సీసా తెచ్చి నా వెనక కూర్చున్నాడు. "గోకకు, ఇంక మండుతది," అంటూ వీపుకు రాశాడు. పోగులు ముడేసి కాయలు కాచిన చెయ్యి అది. నాలుగేళ్లుగా ఆ వీపును నేను తప్ప ఎవరూ ముట్టలేదు. దురద పోలేదు.

"జర మీదికి అన్నా," అన్నాను, చిరంజీవికి కూడా వినపడేటట్టు.