గోడ అవతలి పియానో

పోస్టాఫీసు ఉద్యోగం నుంచి రిటైరైన నెలలోనే అక్క డిజిటల్ పియానో కొంది. ఇన్నేళ్ళూ స్టాంపులు అంటించిన వేళ్ళకు ఇకనైనా మంచి పని చెప్తానంది. అంతవరకూ బాగానే ఉంది. వాయించడం మొదలుపెట్టిన వారానికే పేచీ వచ్చింది. పియానో అడుగున ఉన్న స్పీకర్లు మరీ చిన్నవి. కుడిచేతి స్వరాలు ఫరవాలేదు గానీ, ఎడమచేతి వైపు మంద్ర స్వరాలు నొక్కితే అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. బావ జన్మంతా బస్సు ఇంజన్లు బాగుచేసిన మనిషి. చెవిటివాడి ముందు శంఖం ఊదొద్దని చెప్పి తప్పుకున్నాడు. దాంతో వేరే స్పీకర్లు కొనడానికి అక్క చెల్లెల్ని వెంటబెట్టుకుని బయల్దేరింది.

చెల్లెలికి బట్టలు కుట్టే దుకాణం ఉంది. పియానో ఒక్క ముక్క రాదు. ఆ మాటే అంటే, వాయించడం రాకపోతే ఏం, అమ్మ పియానో మోగిన ఇంట్లోనే కదా పెరిగావు, ఆ మోత గుర్తుంటే చాలంది అక్క.

గుర్తులేకేం. వాళ్ళమ్మ ఇంట్లోనే పిల్లలకు పియానో నేర్పేది. ముందుగదిలో సగం ఆ నల్లచెక్క పియానోదే. మనుషులు దాని పక్కనుంచి ఒత్తిగిలి నడవాల్సిందే. అమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మూత తీసి చూస్తే లోపల చెదలు, తీగలకు తుప్పు. ఊరికే ఇస్తామన్నా పట్టుకెళ్ళేవాడు లేడు. చివరికి దాన్ని ముక్కలు చేసి బయటికి మోసిన రోజున చెల్లెలు కావాలనే దుకాణంలో కూర్చుని, ఎవరికీ అవసరం లేని గుండీలు కుట్టింది.

స్పీకర్ల దుకాణం యజమాని నిదానస్తుడు. తన దగ్గరున్న డిజిటల్ పియానో ముందు అక్కను కూర్చోబెట్టి, వెనక రంధ్రంలో తీగ గుచ్చి, ముందు ఒక సన్నపాటి జత కలిపాడు. కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ అమ్మ మొదట నేర్పిన పాట వాయించింది అక్క. ఒక్కో స్వరం కడిగిన గాజుగ్లాసులా విడివిడిగా పలికింది. అక్క మొహం వెలిగిపోయింది.

"ఇదే. అచ్చం ఇదే," అంది.

చెల్లెలు కాదని తల ఊపింది.

ఆయన పెద్ద చెక్కపెట్టెల్లాంటి ఇంకో జత కలిపాడు. ఈసారి పాట గుండ్రంగా, మెత్తగా, ఛాతీకి తగిలేటట్టు వచ్చింది. ఇదీ అమ్మ పియానో అంది చెల్లెలు. దుప్పటి కప్పి కొట్టినట్టుందని అక్క మూతి ముడుచుకుంది. ఎవరు పట్టిన కుందేలుకు వాళ్ళు మూడే కాళ్ళన్నారు. మీరిద్దరూ మాట్లాడుకోండమ్మా అని యజమాని ఇంకో బేరం చూసుకోవడానికి వెళ్ళాడు.

పియానో ముందు బల్ల మీద పక్కపక్కన కూర్చునే వాదించుకున్నారు. అమ్మ గోళ్ళు మీటల మీద టిక్కుటిక్కుమనేవి గుర్తులేదా అని అడిగింది అక్క. లేదు. చెల్లెలు ఆ చప్పుడు ఎన్నడూ వినలేదు. మరి అమ్మ పెడల్ తొక్కినప్పుడు పప్పుడబ్బాల మూతలు సన్నగా వణికేవి, అదైనా గుర్తుందా అని తను అడిగింది.

"డబ్బాలా? ముందుగదిలో డబ్బాలెక్కడివే?"

ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు. ఒకతె అమ్మ పక్కన బల్ల మీద కూర్చుని విన్నది. ఇంకొకతె వంటింట్లోంచి, గోడ అవతల నుంచి విన్నది.

చిన్నప్పుడు చెల్లెలికి కూడా అమ్మ కొన్నాళ్ళు నేర్పింది. తప్పు పడ్డప్పుడల్లా పిల్ల బావురుమనేది. ఒకరోజు అమ్మ మెల్లగా, ఇష్టం లేకపోతే వద్దులే అంది. ఇంకొక్కసారి కూర్చోమంటే బాగుండునని పిల్లకు ఉండేది. అమ్మ అనలేదు. ఆనాటి నుంచీ వంటింటి మూలే దాని చోటు. హోంవర్కు అక్కడే, బఠానీలు ఒలవడం అక్కడే. అమ్మ నన్ను వదిలేసింది అన్న మాట ఎవరితోనూ అనకుండానే ఇంత వయసు వచ్చింది. ఇప్పుడు, స్పీకర్ల మధ్య కూర్చుని, అక్కతో అనేసింది.

అక్క మీటల మీంచి చేతులు తీసింది.

"పిల్లలంతా వెళ్ళాక అమ్మ తనకోసం వాయించుకునేది చూడు, అప్పుడు నన్ను పక్కన కూర్చోనిచ్చేది కాదు. వంటింటి తలుపు తీసిపెట్టు, చిన్నది వింటుంది అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది."

"ఆ తలుపు గాలికి తెరుచుకుంటుందనుకునేదాన్ని."

"గాలి కాదే. నేనే."

చెల్లెలు పైట చెంగుతో మొహం తుడుచుకుని, ఆ సన్నపాటి జతే కట్టించు, బల్ల మీద కూర్చునేది నువ్వు కదా అంది. అక్క వద్దంది, నీకు నచ్చినవే కొందామంది. ఇందాక తమకు నచ్చినవి కొనిపించడానికి పోట్లాడుకున్నవాళ్ళు ఇప్పుడు అవే మానిపించడానికి పోట్లాడుకున్నారు. చెల్లెలి మాటే నెగ్గింది.

గోడకు ఆనించొద్దు, మంద్ర స్వరాలు గుమ్మంటాయి, చెవి ఎత్తున పెట్టండి అని యజమాని చెప్పి పంపాడు. ఇంటికొచ్చాక బావ బస్సు చక్రాలు సరిచూసినట్టు ఒక కన్ను మూసి స్పీకర్లు రెండూ అక్క కూర్చునే వైపు తిప్పాడు. అక్క వాయించడం మొదలుపెట్టింది. చెల్లెలు టీ పెడతానని లేచింది.

వంటింట్లోకి వచ్చేసరికి ఆ పాట పదును తగ్గింది. అమ్మ పియానో కాదు, కానేరదు. ఈ ఇంటి గోడ వేరు, ఇక్కడ వణికే మూతలూ లేవు. అయినా ఎడమచేతి స్వరాలు పక్కగదిలోంచి ఎవరో పిలుస్తున్నట్టు వచ్చాయి. టీ పొంగి పొయ్యి మీద పడిందాకా చెల్లెలు కదల్లేదు.

అక్క పాట మధ్యలో ఆపి, ఎలా ఉందే అని కేకేసింది.

"అక్కడ తప్పు పోయింది. అమ్మ అక్కడ ఆగేది కాదు, కిందికి దిగేది."

అక్క లేచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆ భాగం తను మరిచిపోయి ఎన్నో ఏళ్ళయిందట. ఏదో ఒకటి కల్పించి వాయిస్తున్నానని ఒప్పుకుంది. చెల్లెలు పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుంటూ, దిగే స్వరాలను గొంతులోనే సన్నగా ఆలపించి వినిపించింది. మళ్ళీ పాడమంది అక్క. చెల్లెలు పాడుతుండగానే ఇద్దరూ ముందుగదిలోకి నడిచారు.