కూరగాయల బుట్టలో ఫోన్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: పొద్దున్నుంచి గడప దాటని పెద్దనాన్న, మాటిమాటికీ కిటికీ తెర తొలగించి చూసే పెద్దమ్మ, వాళ్ళబ్బాయి అన్నయ్య, యూనివర్సిటీ మేడమ్, ఆవిడ వెంట వచ్చిన కళ్ళజోడు స్టూడెంటు, అవతలి వీధి దర్జీ. వీళ్ళు కాక, ఉన్నా ఎవరి లెక్కలోకీ రాని పిల్లి.

పిల్లి అంటే పెంపుడు పిల్లి కాదు, పెద్దమ్మ చెల్లెలి కూతురు. పల్లెటూరి బడిలో పదో తరగతి గట్టెక్కి పైచదువుకని వచ్చింది. అడుగు చప్పుడుండదు, నోట్లోంచి మాట రాలదు అని అన్నయ్యే ఆ పేరు పెట్టాడు.

ఎన్నికల ఫలితం మీద దేశం రెండుగా చీలి కొట్టుకుంటోంది. వీధికో పక్షం. మూలమీది దర్జీ కొట్టు తగలబడింది. తగలబెట్టింది అన్నయ్యేనని దర్జీ పోలీసులకు ఫిర్యాదు చేశాడు. రేపోమాపో వచ్చి పట్టుకెళ్తారని ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు.

యూనివర్సిటీలో క్లాసులు ఆగిపోయాయి. శాంతి పాఠాలు చెప్పే విభాగం వాళ్ళు మాత్రం పుస్తకాలు మూసేసి వీధుల్లో పడ్డారు. గొడవపడ్డవాళ్ళను ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడించడం వాళ్ళ పద్ధతి. గదిలో మాట గదిలోనే ఉండాలి. రాసుకోకూడదు. ఫోన్లు బయటే వదలాలి.

“ఊరికే వచ్చి మన గొడవ నెత్తినేసుకుంటారటే ఎవరైనా?” అని పెద్దమ్మ వంటింట్లో పిల్లితో గొణిగింది. “ఆ కళ్ళజోడు వాణ్ణి చూడు, ఇల్లంతా కళ్ళతోనే కొలిచేస్తున్నాడు. వాడిమీద ఓ కన్నేసి ఉంచు.”

ఫోన్లు వేయడానికి పెద్దమ్మే కూరగాయల బుట్ట తెచ్చిచ్చింది.

“ఈ బుట్టలో ఇంత ఖరీదైన కాయలు ఎప్పుడూ పడలేదు మేడమ్,” అన్నాడు పెద్దనాన్న. నవ్వింది ఆయనొక్కడే.

దర్జీ తన బటన్ల ఫోను తీసి, వేయబోయి ఆగాడు. “అమ్మా, నేను చెప్పబోయేది మా వీధిలో తెలిసిందంటే, రేపు నన్ను మోయడానిక్కూడా మనిషి రాడు.”

“మా ఇంట్లోంచి పొక్కదు బాబాయ్,” అన్నాడు అన్నయ్య, తన ఫోను బుట్టలో బోర్లా పెడుతూ.

పిల్లికి ఆ పిలుపు చెవిలో గుచ్చుకుంది. కొట్టు కాలినప్పటినుంచీ దర్జీని ‘వాడు’ అంటున్నవాడు, ఇవాళ బాబాయ్ అన్నాడేం?

అందరూ గదిలోకి వెళ్ళాక పిల్లి బుట్ట పక్కన పీట వేసుకుని కూర్చుంది. కళ్ళజోడు వాడు లోపలికి వెళ్తూ రెండుసార్లు చొక్కా జేబు తడుముకున్నాడు. రెండో ఫోను దాచాడా? ఓరగా వేసిన తలుపు సందులోంచి చూసింది. అతను దగ్గి, జేబులోంచి ఆయాసం మందు తీసి పీల్చుకున్నాడు. పిల్లికి సిగ్గేసింది.

బుట్టలో ఫోన్లు ఉండుండి వెలుగుతున్నాయి. ఒక్కటి మాత్రం వెలగడం లేదు. బోర్లా పడున్నది అదే. ఎత్తి చూసింది. ఈకలా తేలిగ్గా ఉంది. వెనక మూత కింద బ్యాటరీయే లేదు. పెద్దమ్మ ఎప్పుడో నీళ్ళ బకెట్లో పడేసుకుని బీరువాలో పారేసిన ఫోను అది.

మరి అన్నయ్య ఫోను?

లోపల దర్జీ చెబుతున్నాడు. “పెట్రోలు సీసా విసిరింది మీవాడు కాదమ్మా. మా పక్షంవాడే. కొట్టు మూయమంటే మూయలేదని. మీవాడి పేరు చెప్పకపోతే ఇల్లూ కాలుస్తామన్నారు. పిల్లలున్నవాణ్ణి, చెప్పేశాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను.”

పెద్దమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మయ్య, అనుకుంది పిల్లి. ఇంకేం, అయిపోయింది.

“ఎవడు బాబాయ్ వాడు?” అన్నాడు అన్నయ్య, మెత్తగా.

“ఇక్కడ ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు,” అంది మేడమ్.

“చెప్పనివ్వమ్మా. ఒక్కసారి పైకి అనకపోతే నాకు నిద్ర పట్టదు,” అన్నాడు దర్జీ.

పిల్లి పీట మీంచి లేచింది. కాలేజీకని మొదటిసారి యూనిఫాం కుట్టించుకున్నప్పుడు, ఎదిగే పిల్లవి కదా అని అంచు లోపల బెత్తెడు గుడ్డ వదిలింది ఈయనే. ఆ పేరు అన్నయ్య దాచిన ఫోనులోకి ఎక్కితే, ఈయన పిల్లలు ఎదిగేదాకా వాళ్ళకు తండ్రుంటాడా?

చచ్చిన ఫోనును చున్నీ మడతలో పట్టుకుని తలుపు తోసింది. అందరూ ఇటు తిరిగారు.

“అన్నయ్యా...”

పిల్లి నోట అంతే వచ్చింది. తలుపు దగ్గరి కుర్చీలో ఉన్న అన్నయ్య చున్నీ మడతకేసి చూశాడు. నడుం దగ్గర ఉబ్బెత్తుగా ఉన్న చొక్కాను కిందికి లాక్కుంటూ లేచాడు.

“ఏమంటోంది పాప?” అన్నాడు దర్జీ.

“ఏం లేదు బాబాయ్, మంచినీళ్ళు కావాలా అని. నువ్వు చెప్పు,” అని నవ్వుతూనే, ఆమె మొహం మీద తలుపు వేసేశాడు.