ట్యాంకు మూత

ఇంజను స్పార్కు ప్లగ్గు విప్పి వెలుతురుకు ఎత్తి చూశాడు వీరాంజనేయులు. తెల్లగా ఉంది, సున్నం కొట్టినట్టు. మసిపట్టి ఉంటే అదొక దారి. తెల్లగా ఉందంటే ఇంజనుకు పెట్రోలు చాలడం లేదన్నమాట. స్వెట్టరు అంచుతో తుడిచి, పానాతో మళ్ళీ బిగించాడు.

పరాయి దేశంలో, అరోరా ఊరి శివార్లలో, మనవాళ్ళు కట్టుకున్న ఆ గుడి చుట్టూ ఆరెకరాల పచ్చిక. పద్నాలుగేళ్ళుగా దాన్ని ఆయనే కోస్తున్నాడు, ఆ ఎర్ర ట్రాక్టరు మీద కూర్చుని. ట్రాక్టరంటే పొలం దున్నేది కాదు. గేదెదూడంత ఉంటుంది, పొట్ట కింద కత్తులు తిరుగుతాయి. ఆయనకు డెబ్బై రెండేళ్ళు. మూడో తరగతితోనే బడికి దణ్ణం పెట్టాడు. తెనాలిలో ఆయిలింజన్లు బాగుచేస్తూ జీవితం గడిపాడు. భార్య పోయాక చెల్లెలు గిరిజ వీసా కాగితాలు పెట్టి ఈ దేశానికి, కమ్మింగ్ అనే ఊళ్ళో తనింటికి రప్పించుకుంది. అక్కడ బేస్‌మెంటులో రెండేళ్ళు కూర్చున్నాడు. "నీకెందుకన్నయ్యా పని, హాయిగా టీవీ చూసుకో" అనేది. ఆ హాయి భరించలేకే ఇక్కడికొచ్చి పడ్డాడు. వంటశాల వెనక గది, రెండుపూటలా ప్రసాదం, చేతికింద ఒక ఇంజను. అంతకుమించి ఏమీ అడగలేదు.

దసరా వెళ్ళి వారం. ఆ పండగ నుంచే ఇంజనుకు జబ్బు. స్టార్టు చేస్తే బుద్ధిగా నడుస్తుంది. పావుగంటకల్లా ఉబ్బసం రోగిలా ఎగపోస్తుంది. ఒకసారి రొద పెంచుతుంది, ఒకసారి నీరసిస్తుంది, చివరికి తుమ్మి ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ అందుకుంటుంది.

గుడి కమిటీలో అందరూ ఇంజనీర్లే. స్పార్క్ అన్నాడొకాయన, వాల్వ్ అన్నాడింకొకాయన. కార్యదర్శి గోపీనాథ్ ఫోనులో వీడియోలు చూసి, కొత్త కార్బురేటరు తెప్పించి, తనే బిగించాడు. జబ్బు జబ్బులాగే ఉంది.

"సండే దాకా చూద్దాం బాబాయ్‌గారూ" అన్నాడు మొన్న. "అప్పటికీ ఫిక్స్ కాకపోతే కంపెనీకి కాంట్రాక్ట్ ఇచ్చేద్దామంటున్నారు. గడ్డీ, స్నో రెండూ వాళ్ళే చూస్తారు. ఇక నా చేతిలో ఏం ఉండదు."

అప్పుడిక కమ్మింగే. ఆ మాట గోపీనాథ్ అనలేదు, ఈయనా అడగలేదు.

ఇవాళ శనివారం.

స్టార్టు చేసి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఫిల్టరు లోపలికి కనబడే ప్లాస్టిక్కుది. కాసేపటికి అందులో పెట్రోలు సన్నగిల్లడం మొదలైంది. ఆగిపోయాక పైపు పీకి డబ్బాలో పెట్టాడు. నాలుగు చుక్కలు పడి ఊరుకుంది. ట్యాంకు చూస్తే నిండుగా ఉండాలి, పొద్దున్నే పోశాడు. అనుమానమొచ్చి మూత తిప్పాడు. 'స్స్స్'మని గాలి లోపలికి పోయింది. కింద పైపులోంచి పెట్రోలు ధారగా దూకింది.

మూత చేతిలో తిరగేశాడు. గాలి పోవడానికి దానికో సూదిమొనంత బెజ్జం ఉంటుంది. పెట్రోలు దిగినకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి, రాకపోతే పెట్రోలు కిందికి దిగదు. ఆ బెజ్జం నిండా పసుపూ గంధమూ గట్టిపడి ఉన్నాయి. ఆయుధపూజ నాడు గోపీనాథ్ భార్య లీల ట్రాక్టరుకు చేతినిండా పూసింది. స్టీరింగుకు, బానెట్టుకు, ప్రేమకొద్దీ మూతక్కూడా. తరవాత నీళ్ళు కొట్టి కడిగారు గానీ బెజ్జం సంగతి ఎవరికి తెలుసు?

"ఊపిరాడనివ్వలేదటే నిన్ను" అన్నాడు ట్రాక్టరుతో. ఆ రోజుకు అదే ఆయన మొదటి మాట.

మొలతాడుకున్న పిన్నీసు తీసి కెలికాడు. పచ్చటి పలుకులు కింద పట్టిన గుడ్డలో రాలాయి, దాన్ని మడిచి జేబులో పెట్టాడు. పైపు తగిలించి, మూత పెట్టి, పార్కింగు పక్క పచ్చికంతా గంటసేపు కోశాడు. ఒక్కసారి దగ్గలేదు. రేపు కమిటీ చూస్తుండగా వెనక వైపు కొయ్యాలనుకున్నాడు.

రెండింటికి గోపీనాథ్ కారు దిగుతూనే చెయ్యెత్తాడు. "వావ్, నడుస్తోందే! చెప్పలేదూ, కార్బురేటర్ సెట్ అవడానికి కొంచెం టైం పడుతుందని!"

"అది కాదు బాబూ, మూతలో పసుపు..."

"కరెక్ట్ టైంకి చేశారు బాబాయ్‌గారూ. మూడింటికి ఒకాయన వస్తున్నాడు. సేల్‌కి పెట్టాం. నడవకపోతే స్క్రాప్ కిందే పోయేది."

వీరాంజనేయులు ఇంజను కట్టేశాడు. "రేపటిదాకా అన్నారు గదా?"

"అన్నాను. నిన్ననే సైన్ చేస్తే కంపెనీవాళ్ళు డిస్కౌంట్ ఇస్తామన్నారు. జూమ్‌లో అందరూ ఓకే అనేశారు. మీకూ రెస్ట్ కావాలి కదా ఈ వయసులో! గిరిజ ఆంటీతో మాట్లాడాను. ట్యూస్‌డేకి ఫ్లైట్ బుక్ చేసేశాం. ఆవిడ ఎంత హ్యాపీనో!"

గోపీనాథ్ లోపలికి పోయాక వీరాంజనేయులు జేబులోంచి ఆ గుడ్డ తీసి విప్పాడు. పసుపు పలుకులు ఇంకా అందులోనే ఉన్నాయి. ఒక్క పలుకు ఉమ్మితో తడిపి బెజ్జంలో అదిమితే చాలు. కొనేవాడు పావుగంట తిప్పి, తల విదిలించి పోతాడు. ఆ తరవాత దీన్ని తుక్కువాడు పట్టుకుపోయి అణగ్గొట్టి ముద్ద చేస్తాడు. గుడ్డను గడ్డిలో దులిపేశాడు.

వచ్చినవాడు తెల్లాయన, పెద్దవాడే, మొక్కజొన్న రైతు. బేరం మొదలెట్టకుండా ముందు బానెట్టు మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని విన్నాడు. పచ్చికలో రెండు చుట్లు తిప్పాడు. దిగి, దీనికేమైందని వీరాంజనేయుల్నే అడిగాడు. ఈయన మూత వైపు చెయ్యి చాపాడు.

"న్యూ కార్బురేటర్" అన్నాడు గోపీనాథ్ మధ్యలో. "ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్."

రైతు ఈయన నల్లటి గోళ్ళ వంక ఒకసారి చూసి, తలాడించి, ట్రాక్టరును ట్రెయిలరెక్కించుకున్నాడు. మలుపు తిరిగే దాకా వీరాంజనేయులు అక్కడే నిలబడ్డాడు.

ఆదివారం భోజనాల దగ్గర శాలువా కప్పి ఫోటో తీశారు. సోమవారం కంపెనీవాళ్ళు మూడు మిషన్లతో వచ్చి, ఆరెకరాలూ నలభై నిమిషాల్లో కోసేసి పోయారు. మంగళవారం తెల్లవారుతూనే ఆయన వెళ్ళిపోయాడు, ఒక్క సంచితో.

ట్రాక్టరును ఉంచే షెడ్డు తలుపు వారం దాకా ఎవరూ తియ్యలేదు. ట్రాక్టరు బ్యాటరీకి ఆయన తగిలిస్తుండే ఛార్జరును గోడ నుంచి పీకాలని ఎవరికీ తోచలేదు. దాని ఎర్ర క్లిప్పూ నల్ల క్లిప్పూ ఉత్త సిమెంటు నేల మీద పడి ఉన్నాయి, పైన చిన్న పచ్చదీపం మాత్రం వెలుగుతూనే ఉంది.