గోడకు కట్టిన తీగ

లెమ్ టాగర్ట్ ఖాళీ పొడుం డబ్బీని తీగ కిందికి తోశాడు. తీగ బిగిసింది. బొటనవేలితో ఒక్కసారి మీటాడు. వసారా గోడ మొత్తం, చెక్కలూ మేకులూ చూరుతో సహా, లోపల్నించి మూలిగింది. చెవి గోడకు ఆనించి ఆ మూలుగు ఆగేదాకా విన్నాడు. ఆగాక డబ్బీని బయటికి లాగేశాడు. తీగ వదులై వేలాడింది.

రోజూ పొద్దున లేవగానే ఇదే పని. మొహం కడుక్కోవడం మర్చిపోయినా ఇది మర్చిపోడు. మోగించినంతసేపే డబ్బీ తీగ కింద ఉండాలి. అయిపోగానే తీసెయ్యాలి. తియ్యకపోతే తీగ సాగిపోతుంది, మేకు చెక్కను చీలుస్తుంది. "దానికీ నిద్ర కావాలి గదా" అంటాడు.

చీపురుకట్టకు చుట్టే ఇనప తీగే అది. గోడకు కింద ఒక మేకు, పైన ఒక మేకు, మధ్యన తీగ. ఒక చేత్తో మీటాలి, ఇంకో చేత్తో పగిలిన సీసా మెడను తీగ మీద జార్చాలి. సన్‌ఫ్లవర్ ఏటి పొడుగునా పత్తి చేలల్లో పుట్టిన నల్లపిల్లలందరూ మొదట ఇట్లాంటి తీగ మీదే నేర్చుకుంటారు. కాస్త పెద్దయ్యాక గిటారు చేతికొస్తుంది. గోడ సంగతి మర్చిపోతారు. లెమ్ కూడా మర్చిపోయాడు. ముప్పై ఆరో ఏట మళ్లీ గోడ దగ్గరికే రావాల్సొచ్చింది. ఇప్పుడు అరవై ఒకటి.

అతని ఎడమ చేతికి ఉన్నవి రెండే వేళ్లు. బొటనవేలు, చిటికెనవేలు. మిగతా మూడూ క్రౌడర్ దొర పత్తిమిల్లులో గింజ తీసే రంపాల కింద పోయాయి. ఆరోజు దొర డాక్టరును పిలిపించలేదు. మేస్త్రీ గాయం మీద కిరసనాయిలు పోసి గోతాం గుడ్డ చుట్టాడు. ఒక పత్తి బేలు నెత్తుటితో పాడైందని మాత్రం దొర రెండ్రోజులు బాధపడ్డాడు. అదీ దొరల బాధ. గిటారు మెడ పట్టుకోవాలంటే వేళ్లు కావాలి. సీసా మెడకు చిటికెనవేలొకటి చాలు. అందుకని లెమ్ చీపురు తీగ ఒకటి తెచ్చి, ఈ వసారా గోడకు మేకులు కొట్టాడు. పాతికేళ్లలో ఈ దేవదారు చెక్క ఎండి ఎండి గలగలమనేట్టయింది. ఇల్లే వాయిద్యమైపోయింది. శనివారం సాయంత్రం చుట్టుపక్కల కూలీలంతా వచ్చి మెట్లమీద కూర్చునేవాళ్లు.

వెర్లీన్ కాఫీ తెచ్చి మెట్టుమీద పెట్టింది. యాభై రెండేళ్ల మనిషి, గట్టి ఎముక, చర్చిలో ఆడవాళ్లకు పెద్దదిక్కు. బ్లూస్ అంటే సైతాను పాట, ఇంట్లో వినపడితే ఆమెకు పడదు. మొగుడు తీగ ముట్టుకుంటే లోపలికి పోయి గిన్నెలు కావాలని దభీదభీమని పెడుతుంది.

"ఏదీ, ఇంకోసారి చూపించు," అన్నాడు లెమ్.

"మూడ్రోజుల్నించీ చూస్తూనే ఉన్నావు. అరిగిపోద్ది."

"అరిగితే అరగనీ. చూపించవే."

జేబులోంచి పేపరు ముక్క తీసి విప్పింది. అక్షరాల మధ్య ఒకచోట వేలు పెట్టింది. "ఇదిగో. వెర్లీన్ టాగర్ట్."

లెమ్‌కు చదవడం రాదు. ఆ వేలి పక్కన తన వేలు పెట్టాడు. "ఎంతుందో చూడు. దొరల పేర్లంతే ఉంది."

ఆమె కోర్టుకు పోయి ఓటు హక్కు కావాలని అడిగింది. రాజ్యాంగంలో ఒక ముక్క చదివించి అర్థం చెప్పమన్నారట. చెప్పింది. చాల్లేదన్నారు. మళ్లీ రమ్మన్నారు. ఓటు హక్కు అడిగినవాళ్ల పేర్లు రెండు వారాలు పేపర్లో వెయ్యాలని ఆ ఏడే చట్టం తెచ్చారు. ఎందుకో అందరికీ తెలుసు. దొరలు చదువుకోడానికి.

అచ్చులో పేరంటే లెమ్‌కు ఒక సంగతి గుర్తొస్తుంది. పంతొమ్మిదివందల ముప్పైలో మెంఫిస్ నుంచి ఒక తెల్లాయన వచ్చి అతణ్ని రైలెక్కించి తీసుకుపోయాడు. హోటలు గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి, మిషను ముందు కూర్చోబెట్టి, రెండు పాటలు పాడించుకున్నాడు. అప్పుడు పది వేళ్లూ ఉన్నాయి. గొంతు చేను ఈ గట్టున ఎత్తితే ఆ గట్టున వినపడేది. చలికాలంలో రికార్డు ఊళ్లో కుర్చీలతో పాటు రికార్డులూ అమ్మే కొట్టుకు వచ్చింది. కొత్తగా పెళ్లైన వెర్లీన్‌ను వెంటబెట్టుకుని పోయాడు. "చదవవే, నా పేరు ఎక్కడుందో చదువు," అన్నాడు. ఆమె చదివింది. మళ్లీ చదివింది. "ఇది నీ పేరు కాదయ్యా. కాటన్ జిమ్ అని ఉంది." లెమ్ టాగర్ట్ అంటే అమ్ముడుపోదనుకున్నారేమో. ఎవరో ఎక్కడో కూర్చుని కొట్టేశారు. కొట్లో అందరి ముందూ నవ్వాడు. ఇంటికి నాలుగు మైళ్లూ ఆమెకు ముందు నడిచాడు. ఆ తర్వాత రికార్డు మాట ఎవరైనా ఎత్తితే, "అదెవరో జిమ్ గాడిది, నాకేం తెలుసు" అనేవాడు.

కాఫీ తాగి మిల్లుకు బయల్దేరాడు.

మిల్లులో అతని పని గొట్టం పట్టుకోవడం. పత్తి బండ్లు వరసగా వస్తాయి. బండిలో నిలబడి, పైనుంచి వేలాడే రేకు గొట్టాన్ని పత్తి మీద ఆడిస్తే, గాలి దాన్ని లోపలికి గుంజుకుంటుంది. సెప్టెంబరు నుంచి క్రిస్మస్ దాకా ఆ నూగు కళ్లలో, చెవుల్లో, ఊపిరితిత్తుల్లో. ముప్పై ఏళ్లు పీల్చాక ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఇప్పుడు పాటలో ఒక వరుస పాడాలంటే రెండు చోట్ల ఆగాలి. మెట్లమీద వినేవాళ్లు అది పాటలో సొగసనుకున్నారు. సొగసు కాదు. పత్తి.

పదింటికి క్రౌడర్ దొర వచ్చాడు. చేతిలో పేపరు. గొట్టం ఆపమని సైగ చేశాడు. పక్క బండిమీద హోసియా బిబ్స్ ఉన్నాడు. మిల్లు ట్రక్కు తోలే మనిషి, నలభై ఏళ్లవాడు. వాడు తల దించుకుని తాళ్లు సర్దుతున్నట్టు నటించాడు.

"లెమ్, నీ పెళ్లాం పేపర్లోకెక్కింది."

"చిత్తం దొరా."

"నీ తీగంటే నాకిష్టం. మా వియ్యంకుడొస్తే నీచేత వాయించి వినిపించాను గదా. మంచివాడివి. నిన్ను పొమ్మనడం నాకూ బాధే." మళ్లీ బాధ. "ఇంటికి పో. దానికి చెప్పు. సోమవారం కోర్టుకెళ్లి పేరు కొట్టేయించుకోమను. అట్లయితే ఇల్లు నీది, గోడ నీది, చచ్చేదాకా వాయించుకో. కాదంటే పొద్దుగూకేలోగా ఖాళీ చెయ్యి. సోమవారం ట్రాక్టరుకు గొలుసు కట్టించి గుంజేయిస్తాను. ఎట్లాగూ పత్తి తీసే మిషను వస్తోంది, మీ గుడిసెలతో నాకేం పని? చెబుతావా దానికి?"

లెమ్ గొట్టం పట్టుకుని నిలబడ్డాడు.

"చెబుతావా అనడిగాను."

లెమ్ పాడే పాటలన్నిటికీ కట్టు ఒకటే. అడిగే మాట ఒకటి రెండుసార్లు రావాలి. మూడో వరుస జవాబు.

"పేరు దానిది దొరా," అన్నాడు. "నాకు చదవడమే రాదు. చదవడం రానివాణ్ని, కొట్టెయ్యమని ఎట్లా చెప్పను?"

దొర మొహం ఎర్రబడింది. పేపరు మడిచి తొడమీద కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

ఆయన కనుమరుగయ్యేదాకా ఆగి హోసియా దూకి వచ్చాడు. "నీకు మతి పోయిందా లెమ్ మామా? కనీసం ఇంటికెళ్లి అక్కకు చెప్పు. ఆమె ఇష్టం ఆమె చూసుకుంటది."

లెమ్ జవాబు వాడి చెవిలో చెప్పి, చొక్కా నూగు దులుపుకుని దిగాడు.

ఇల్లు చేరేసరికి వెర్లీన్ మొక్కజొన్న రొట్టె కాలుస్తోంది. పనివేళలో మొగుణ్ని గుమ్మంలో చూసి పెనం దించింది.

"దొర ఏమన్నాడు?"

"ఖాళీ చెయ్యమన్నాడు."

"ఇంకేమన్నాడు?"

"పొద్దుగూకేలోగా."

"అంతేనా? వేరే ఏం అన్లేదా?"

"వాన పడేట్టుందన్నాడు."

ఆమె కాసేపు అతని మొహం చూసింది. తర్వాత రొట్టె గుడ్డలో చుట్టి, గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో పాతికేళ్ల సంసారం వసారాలోకి రావడానికి రెండు గంటలు పట్టలేదు. మంచం, రెండు కుర్చీలు, పరుపు, బైబిలు, గంజి కాచే గుండిగ, కుట్టుమిషను. ఇరుగుపొరుగువాళ్లెవరూ రాలేదు. శనివారాలు ఆ మెట్లమీద కూర్చుని తొడలు చరుచుకుని నవ్వినవాళ్లు, కిటికీ గుడ్డలు వేలితో జరిపి చూశారు. వాళ్లనీ ఏమనాలి? వాళ్ల గుడిసెలూ దొరవే.

హోసియా ఒక్కడే ట్రక్కు తెచ్చాడు. దొర ట్రక్కే. "రేపు నా పనీ పోద్ది," అన్నాడు మంచం కోడు ఎత్తుతూ. "పోనీలే. ఇంటిదానికి నా మొహం చూసే తీరికన్నా దొరుకుద్ది. అప్పుడు ఏడుస్తదో నవ్వుతదో."

"చూశాక నీ ట్రక్కు నీకే నయమంటది," అన్నాడు లెమ్.

సామానంతా ఎక్కింది. వెర్లీన్ వసారాలో గోడకేసి చూసింది. "తీగ పీకి తెచ్చుకో."

"ఎక్కడ కొడతాను? మనం పోయేది మీ చెల్లెలింటికి, అది ఇటుక ఇల్లు. ఇటుక పలకదు."

"పెరట్లో కోళ్ల గూడుంది. చెక్కదే."

"నేను వాయిస్తే కోళ్లు గుడ్లు పెట్టడం మానేస్తాయి. మీ చెల్లెలు మనల్ని మళ్లీ ఖాళీ చేయిస్తది."

వెర్లీన్‌కు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగింది. "పోనీ ఒకసారి వాయించు," అంది. పెళ్లైన ముప్పై రెండేళ్లలో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు.

లోపల గిన్నెల్లేవు, చప్పుడు చెయ్యడానికి. ఆమె మెట్టుమీద కూర్చుంది. లెమ్ జేబులోంచి సీసా మెడ తీశాడు. జీర్ణం మందు సీసాది, ముదురు నీలం. ఒక పక్క తీగ రాసుకుని రాసుకుని నున్నగా అరిగింది. చిటికెనవేలికి తొడుక్కున్నాడు. డబ్బీని తీగ కిందికి తోశాడు.

గోడ మూలిగింది. ఖాళీ గదులు ఆ మూలుగును పట్టుకుని పెద్దది చేశాయి. సామాను లేని ఇల్లు ఇంత బాగా పలుకుతుందని అతనికీ అప్పటిదాకా తెలియదు.

"నా గడపే నన్ను పొమ్మంది, ఏ దారిన పోనే పిల్లా," అని పాడాడు. మధ్యలో రెండు చోట్ల ఊపిరి అందలేదు. మళ్లీ అదే వరుస పాడాడు. ఈసారి మూడు చోట్ల ఆగాడు. మూడో వరుసకు నోరు తెరిచాడు గాని గొంతు రాలేదు. సీసా పాడింది. తీగ మీద పైనుంచి కిందిదాకా మెల్లగా జారి, మనిషి గొంతు చెప్పలేనిదంతా అది చెప్పింది. వెర్లీన్ ఏప్రాను అంచు నోట్లో కుక్కుకుంది.

హోసియా హారన్ కొట్టాడు. పొద్దు చేలమీదికి వాలింది. లెమ్ లేచి, వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగాడు.

"ముందు కూర్చో మామా, దుమ్మొస్తది."

"దుమ్ము నాకు కొత్తా?" అని ట్రక్కు వెనక, సామాను మధ్య, కుర్చీలో కూర్చున్నాడు. మొహం ఇంటివైపు.

మూడు మైళ్లు పోయారు. ముందు సీట్లో వెర్లీన్ పక్కన హోసియా రెండుసార్లు ఏదో చెప్పబోయి మానుకున్నాడు. ఇక ఆగలేకపోయాడు.

"అక్కా, నీకు తెలియాలి. ఖాళీ చెయ్యమని ఊరికే అన్లేదు దొర. నువ్వు పేరు కొట్టేయించుకుంటే ఇల్లు మీదే, గోడ మీదే అన్నాడు. నీకు చెప్పమన్నాడు. మామ చెప్పనన్నాడు."

వెర్లీన్ హోసియా వైపు తిరిగింది. "ఎందుకు చెప్పలేదు?"

"నేనూ అదే అడిగా. 'చెబితే కొట్టేయించుకుంటదిరా. నాకోసం కొట్టేయించుకుంటది. అందుకే చెప్పను' అన్నాడు."

"బండి ఆపు."

"అక్కా..."

"ఆపమన్నానా!"

బండి పూర్తిగా ఆగకముందే దిగింది. వెనక్కి నడిచింది. రెండు పిడికిళ్లూ బిగించుకుంది. ముప్పై రెండేళ్లలో ఎన్నడూ తిట్టని తిట్లు నోటిదాకా వచ్చాయి.

"ఏమయ్యా ముసలోడా, ఎవర్నడిగి చేశావీ పని?"

లెమ్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కళ్లు వచ్చిన దారి మీదే ఉన్నాయి, రెప్ప పడటం లేదు. నెరిసిన జుట్టులో పొద్దుటి పత్తి నూగు ఇంకా అంటుకుని ఉంది. చిటికెనవేలికి నీలం సీసా మెడ.

"ఎవర్నడిగి చేశావయ్యా?" అంది మళ్లీ. ఈసారి గొంతు చిన్నదైంది.

జవాబు కోసం నిలబడింది. హోసియా దిగివచ్చి టోపీ తీసేదాకా నిలబడే ఉంది. తర్వాత పైకెక్కి, అతని వేలినుంచి సీసా మెడ తియ్యబోయి, తియ్యకుండా ఆ చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని కుర్చీ పక్కన చతికిలబడింది.

అక్కడికి మూడు మైళ్ల వెనక, తలుపులు తీసి ఉన్న ఖాళీ ఇంటి వసారా గోడమీద, తీగ బిగిసే ఉంది. కింద పొడుం డబ్బీ, ఎవరూ తియ్యలేదు.