ముద్ర మీద పడ్డ అంకె

ఆమె పని పాత స్టాంపులు అసలువో నకిలీవో తేల్చడం. అక్క మొగుడికేమో స్టాంపుల పిచ్చి. అయినా తన పోలండు స్టాంపును ఇన్నేళ్లలో ఒక్కసారీ మరదలి బల్ల మీదికి తేలేదు. ప్రదర్శనలో పెట్టాలంటే పరీక్ష తప్పదన్నారని ఆ మధ్యాహ్నం తెచ్చాడు.

"పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు తెచ్చారే బావా!"

"నవ్వకు. నా దగ్గరున్నవన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు."

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పోలండులో ధరలు ఆకాశాన్నంటాయి. స్టాంపుల విలువ దేనికీ చాలక, పాతవాటి మీదే వేలల్లో కొత్త అంకె అచ్చు వేశారు. బావ స్టాంపు మీద ఆ అంకె తలకిందులుగా పడింది. అలాంటి పొరపాట్లంటే సేకరించేవాళ్లు పడి చస్తారు. కాబట్టే నకిలీలూ పుట్టుకొచ్చాయి.

ఆమె దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టింది. పోస్టాఫీసు ముద్ర గీత అంకెను తాకే చోట ఆగింది. దీపం పక్కకు వంచి మళ్లీ చూసింది.

"ముందు ముద్ర పడింది బావా. అంకె దాని మీద పడింది. అంటే ఉత్తరం మీద వాడేసిన మామూలు స్టాంపుకి ఎవరో తర్వాత అంకె వేశారు."

"సరిగ్గా చూడు."

"చూశాను."

ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. "అయితే నత్తగాడు నన్ను నిలువునా ముంచాడన్నమాట."

నత్తగాడంటే ఆయన చిన్ననాటి నేస్తం, గడియారాలు బాగుచేస్తాడు. తన ఓడల స్టాంపులన్నీ ఇచ్చి బావ వాడి దగ్గర దీన్ని మార్చుకున్నాడు.

"నేను తేల్చింది సిరా సంగతే. మనిషి సంగతి నాకు తెలీదు" అంది మరదలు. అని ఊరుకోలేక ఆయన వెంటే వెళ్లింది. దారంతా బావ తిట్లకు పదును పెట్టుకుంటూనే ఉన్నాడు.

విషయం విని నత్తగాడు కంటికి భూతద్దం తగిలించుకుని స్టాంపును చాలాసేపు చూశాడు.

"అనుమానం ఉండేదిరా" అన్నాడు చివరికి. "ఎవరికైనా చూపిస్తే తేలిపోతుందని చూపించలేదు. నమ్మడమే హాయిగా ఉండేది. నీకిచ్చేటప్పుడు కూడా నోరు మెదపలేదు. తప్పు నాదే."

లోపల్నించి ఓడల స్టాంపులు తెచ్చి ముందు పెట్టాడు.

బావ నోరు తెరిచాడు. తిట్టు బయటికి రాలేదు. మరదలి వైపు చూశాడు.

"ఇంట్లో ఇలాంటి మరదల్ని పెట్టుకుని నేను మాత్రం ఇన్నేళ్లూ ఎందుకు చూపించలేదంటావ్‌రా?"

బావ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపటికి ఓడలను తీసుకున్నాడు, మొహమాటపడలేదు.

ప్రదర్శనలో ఆ స్టాంపు 'నకిలీ' అన్న చీటీతో, సిరా మీద సిరా కనిపించే పెద్ద ఫోటోతో నిలబడింది. ఆ ఆలోచన నత్తగాడిది. ఎలా కనిపెట్టారని జనం అడుగుతుంటే మిత్రులిద్దరూ పోటీపడి చెబుతున్నారు.

"కాస్త తప్పుకోండి, కనిపెట్టింది నేను" అంటూ మరదలు వాళ్ల మధ్యకు దూరింది.