వాల్వుల సన్యాసిరావు

రెండో వాల్వు గుంత మీది ఇనుప మూత పక్కకు జరిపి పైడమ్మ తాళంచెవి లోపలికి దించింది. తాళంచెవి అంటే జేబులో పట్టేది కాదు. మనిషి నడుమెత్తు ఇనుప కడ్డీ, పైన అడ్డంగా పిడి. ముప్పై ఒక్క ఏళ్లు దాన్ని భుజాన వేసుకుని బచేలి ఇనుపగని కాలనీ అంతా తిరిగి, వీధి తరవాత వీధికి నీళ్లు వదిలిన సన్యాసిరావు ఇప్పుడు పక్కనున్న గట్టు మీద కూర్చుని ఆమెకు లెక్క చెబుతున్నాడు.

"పదకొండు సుట్లు. పన్నెండోది తిప్పితే మీద వీధికి నీళ్లెక్కవు."

"ఎన్నిసార్లు సెప్తావు మావా? నాకు సెవుడేటి?"

సెలవు పెట్టి ఇంట్లో పడుకోమని సూపర్‌వైజరు భీమశంకరం గారు చెప్పిచూశారు. పడుకుంటే గోడలు మీదికొస్తున్నాయని ఈయన వినలేదు. పెళ్లాం వెంట ఉంటే సరే అని ఆయన ఊరుకున్నారు. ఒకప్పుడు బొత్తాలు తెగేంత నిండుగా ఉండే ఖాకీ చొక్కా ఇప్పుడు కొక్కేనికి తగిలించినట్టుంది. మెడ సన్నబడి చెవులు పెద్దవిగా కనిపిస్తున్నాయి. చేతులొక్కటే మారలేదు. అరచేతుల్లో కాయలు అలాగే ఉన్నాయి.

నోట్లో నాలుక లేని మనిషి అని కాలనీలో పేరు. పార్వతీపురం దగ్గర పల్లె నుంచి పెళ్లయిన ఏడాది ఈ ఇనుపకొండ కిందికి వచ్చాడు. పెద్ద ఉద్యోగం లేదు, పెద్ద కోరికా లేదు. ఒక ఎండాకాలం పైడమ్మ టైఫాయిడ్‌తో మంచాన పడితే కూతురు చాందినికి తనే జడలు వేశాడు. పైడమ్మ లేచాక కూడా ఆ పని వదల్లేదు. అమ్మ జడ బిగుతని ఆ పిల్ల పదో తరగతి దాకా తండ్రి ముందే కూర్చునేది. కూరలో చేపతల వస్తే మాట్లాడకుండా పెళ్లాం కంచంలో వేసేవాడు. పెళ్లింటికి మాత్రం ఒక గంట నీళ్లు ఎక్కువ వదిలేవాడు. అడిగితే "వాల్వు పట్టేసింది బాబూ" అనేవాడు. ఆయన జీవితంలో ఆడిన అబద్ధాలన్నీ అలాంటివే అని పైడమ్మ అనుకునేది.

మూడో వాల్వు తిప్పి నాలుగోదాని వైపు నడిచారు. పది అడుగులకోసారి ఆయన ఆగుతున్నాడు. దగ్గు వస్తే ఆమె మొహం తిప్పుకుంటోంది.

మొహం తిప్పుకోవడానికి కారణం ఆమెకొక్కదానికే తెలుసు. కొండ మీద నుంచి గాలి వీచిందంటే ఆ ఊళ్లో ఆరేసిన బట్టలన్నీ ఎర్రబడాల్సిందే. ముక్కు చీదినా ఎరుపే, ఉమ్మినా ఎరుపే. నిరుడు వానాకాలంలో ఆయన రుమాళ్ల మీద ఎర్రటి మరకలు కనిపిస్తే పైడమ్మ మట్టేననుకుంది. "కొండంతా ముక్కులో ఎట్టుకొస్తావేటి మావా" అని తిట్టి, బండకేసి బాది ఉతికింది. ఒకటి కాదు, రెండు కాదు, ఐదు నెలలు. ఊపిరితిత్తుల్లో కేన్సరని విశాఖపట్నంలో తేలిన రోజు, రక్తం ఎన్నాళ్లుగా పడుతోందమ్మా అని డాక్టరు అడిగాడు. మొగుడి రక్తాన్ని సబ్బు పెట్టి కాలవలో పారబోసిన ఆడదానికి నోరెక్కడిది? ఆ రోజు నుంచి ఇంట్లో కనిపించిన ప్రతి మరకనూ వేడినీళ్లలో ముంచి రుద్దుతోంది. చేతులు పుండ్లు పడ్డా మానలేదు. ఇక మందుల్లేవు, ఇంటికి తీసుకెళ్లండని డాక్టర్లు పంపేశాక ఆ రుద్దుడు మరీ ఎక్కువైంది. ఆయన పోయేలోపు అడగాలి, క్షమించమనాలి. అడిగే ధైర్యమే రావడం లేదు.

నాలుగో వాల్వు సాలచెట్ల కింద ఉంది. పైపు అతుకు దగ్గర కారే నీళ్లకు గోండు గూడెం నుంచి వచ్చిన భీమే అనే ఆవిడ బిందె పెట్టుకుని కూర్చుంది. పైడమ్మ చేతిలో కడ్డీ చూసి, "అబ్ తూ బాబూ?" అని నవ్వింది. ఇప్పుడు నీళ్లబాబువి నువ్వా అని. బిందె నిండగానే ఎత్తుకుని వెళ్లిపోయింది.

తొమ్మిదో చుట్టు దగ్గర పైడమ్మ చేతులు ఆగిపోయాయి.

"మావా, ఆ రుమాళ్లు నానే కదా ఉతికినాను. నాకు తెలీలేదు. తెలిసుంటే..."

సన్యాసిరావు పుండ్లు పడ్డ ఆమె చేతుల వైపు చూశాడు.

"నాకు తెలుసునే పైడీ. మొదటి రోజే తెలుసు."

"ఏటి తెలుసు?"

"రగతమని. అందుకే దానిమీద మట్టి రాసేవోణ్ని. సాందిని పురుటికొచ్చింది. ఏడో నెల కడుపు, దానికి బీపీ. నువ్వు దాన్నొగ్గీసి నాతో ఆస్పత్రులెంట తిరుగుతావని సెప్పలేదు. అది తెమిలాక సెప్దారనుకున్నాను. నా సొక్కాజేబులో మట్టిపొట్లం దొరికితే నన్ను తిట్టలేదేటి నువ్వు?"

తిట్టింది. గుర్తొచ్చింది. పాత కేలండరు కాగితంలో చిటికెడు ఎర్రమట్టి. ఇంజినీరులాగా మట్టి పరీక్షలు చేస్తున్నావా అని వెక్కిరించింది కూడా.

"నీ బుద్ధి తగలెయ్యా!" అంది పైడమ్మ. కడ్డీ వదిలేసి మట్టిలోనే చతికిలబడి ఏడ్చింది. కోపం వచ్చింది, చెప్పలేనంత. ఐదు నెలలు ముందు తెలిస్తే ఏమయ్యేదో అన్న బాధా వచ్చింది. కానీ ఏడుస్తూ ఏడుస్తూనే హమ్మయ్య అనుకుంది. తను గుడ్డిది కాదు. ఆయన కళ్లు కప్పాడు, అంతే.

"సెప్పి సచ్చేవోడివి కదా," అంది ముక్కు తుడుచుకుంటూ.

"సెప్పినాను కదేటి." ఆయన నవ్వాడు. "ఇంకా రెండు సుట్లున్నాయి. తిప్పు."

ఇంటికొచ్చి, ఎండుచేప ముక్కతో నాలుగు ముద్దలు గంజన్నం తిన్నాడు. ఉప్పు సరిపోయిందన్నాడు. మనవరాలి ఉయ్యాల పక్కన చాప వేయించుకుని, ఉయ్యాల తాడు వేలికి చుట్టుకుని పడుకున్నాడు. ఆ మధ్యాహ్నం దగ్గు రాలేదు. నాలుగింటికి చాందిని టీ తెచ్చి, "నాన్నా, చాయ్" అని పిలిచింది. రెండోసారి పిలిచింది. తరవాత గ్లాసు కింద పెట్టి తల్లిని పిలిచింది.

పైడమ్మ ఆయన వేలి నుంచి తాడు మెల్లగా విప్పింది. సూదుల్లేవు, గొట్టాల్లేవు, పీల్చలేని ఊపిరి కోసం పెనుగులాట లేదు. మొహం నిదరపోతున్నట్టే ఉంది. బతికిపోయాడు అనుకుంది. అలా అనుకున్నందుకు ఆమెకు సిగ్గు వేయలేదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక చుట్టాలు రైలెక్కారు. చాందిని వసారాలో తండ్రి కేన్వాసు జోళ్లు చూసి, బ్రష్షూ బకెట్టూ తెచ్చుకుని కూర్చుంది.

"ఒగ్గీయే," అంది పైడమ్మ గుమ్మంలోంచి. "అది మట్టే."

చాందిని బకెట్టు తీసుకుని లోపలికి వెళ్లింది. గడప పక్కన జోళ్లు, లేసులు లోపలికి దోపి, మడమల దాకా ఎర్రగా, అలాగే ఉన్నాయి.