ఎండబెట్టిన బ్యాటరీ

కోడూరులో ఆ వేసవి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో సబ్‌స్టేషన్ వాళ్లకే తెలిసేది కాదు. పోయినప్పుడల్లా శ్రావ్య ల్యాప్‌టాప్ చప్పున ఆరిపోయేది. కొట్టిన పేజీ గాలికి పోయేది. కోడలు చేతులు ఒళ్లో పెట్టుకుని నల్లటి తెర వంక చూస్తూ కూర్చుంటే, రిటైరైన సూర్యప్రకాశరావు మాస్టారు చూడలేకపోయేవారు.

బ్యాటరీ ఉబ్బింది. గుడివాడ తీసుకెళితే షాపు యుగంధర్ దాన్ని ఊడదీసి చూపించాడు. మూకుట్లో పూరీలా నడుం లేచి ఉంది.

"ఇది మళ్లీ పెట్టకండమ్మా. కొత్తది రావడానికి వారం. అప్పటిదాకా వైరు మీదే నడపండి. దీన్ని నాకొదిలెయ్యండి."

"వారమా? సోమవారం నా థీసిస్‌కి ఆఖరి రోజండీ" అంది శ్రావ్య.

"కొన్నది మేం కదయ్యా" అంటూ మాస్టారు బ్యాటరీని సంచిలో వేసుకున్నారు.

"అయితే ఇసకలో పెట్టి, ఇంటికి దూరంగా ఉంచండి మాస్టారూ."

దివిసీమలో అరవై రెండు బావుల్లో నెలనెలా ఉప్పు ఎంత పెరిగిందో మూడేళ్లు కొలిచింది శ్రావ్య. సీసాలు కట్టుకుని ఆమెతో సైకిలు తొక్కింది మాస్టారే. రాసుకున్న చీటీలు అక్టోబరు వరదలో ముద్దయిపోయాయి. ల్యాప్‌టాప్‌లో ఉన్నదే మిగిలింది. కాపీ పెట్టుకోడానికి పెన్‌డ్రైవు కొత్త బ్యాటరీతో పాటు తెచ్చుకుందామనుకున్నారు.

మాస్టారు ముప్పై ఏళ్లు టార్చిలైటు సెల్లులు ఎండబెట్టి వాడినవారు. రెండు పూటలు ఎండితే ఇంకో వారం వెలిగేవి. శుక్రవారం పొద్దున ఒకే పేజీ మూడుసార్లు పోయి శ్రావ్య ఏడ్చాక, ఆయన ఇసక బకెట్లోంచి బ్యాటరీ తీసి, దులిపి, డాబా మీద వడియాల పక్కన పెట్టారు.

"ఆ అబ్బాయి వద్దన్నాడు కదండీ" అంది భార్య దుర్గాంబ.

"కొత్తది అమ్ముకునేవాడు వద్దనక ఏమంటాడు? సెల్లు సెల్లే."

"మీరు చెబితే వడియాలు కూడా వెలుగుతాయి."

మధ్యాహ్నం కోడలు స్నానానికి వెళ్లింది. కరెంటు ఉంది. ఆయన బ్యాటరీని ల్యాప్‌టాప్ అడుగున పెట్టబోతే ఉబ్బు వల్ల పట్టలేదు. అరచేత్తో గట్టిగా నొక్కారు. టక్కుమని కూర్చుంది. ఛార్జరు తగిలించగానే చిన్న దీపం వెలిగితే, దుర్గాంబను పిలిచి చూపించారు కూడా.

పది నిమిషాలకు బుస్సుమని తెల్లటి పొగ లేచింది. వెంటనే మంట. స్విచ్చి కట్టేసి, బిందెడు నీళ్లు కుమ్మరించేసరికి కీబోర్డు కరిగి కారుతోంది.

కొడుకు శివరామకృష్ణ ల్యాప్‌టాప్‌ను గుడివాడ పట్టుకెళ్లి, సాయంత్రం ఫోన్ చేశాడు.

"డిస్కు కూడా మాడిపోయిందంట నాన్నా. ఏమీ రాదంట."

శ్రావ్య తిట్టలేదు. తిడితే బాగుండునని చూశారాయన. అటక మీది సీసాలు దించి, ఒక్కొక్కటే తుడవసాగారు.

"పొద్దున్నే బయల్దేరదామమ్మా. అన్ని బావులూ మళ్లీ తిరుగుదాం."

"మూడేళ్ల కిందటి నీళ్లు ఇప్పుడు ఏ బావిలో ఉంటాయి మావయ్యగారూ?"

గొంతులో కోపం లేదు. ఆమె ఫోను తీసుకుని పెరట్లోకి నడిచింది. గైడుతో మాట్లాడుతోంది.

"కాపీ లేదు సార్... ఎక్కడా లేదు... వద్దన్నా ఆ బ్యాటరీ పెట్టాను సార్. నేనే పెట్టాను."